హాల్ నుంచి హోఫ్‌స్టెడ్ దాకా: ఇంటర్‌కల్చరల్ కమ్యూనికేషన్ సిద్ధాంతాలను చదవడం ఎలా?

ఇంటర్‌కల్చరల్ కమ్యూనికేషన్ (వేర్వేరు సంస్కృతులవాళ్ల మధ్య సంభాషణ) పేపరు ఉన్న ఏ కోర్సు విద్యార్థి నోట్సు తెరిచినా ముందుగా ఒక పట్టిక కనిపిస్తుంది. ఎడమవైపు అమెరికా, జర్మనీ. కుడివైపు జపాన్, ఇండియా, అరబ్ దేశాలు. వాళ్లది ముక్కుసూటి మాట, మనది డొంకతిరుగుడు. వాళ్లది వ్యక్తివాదం, మనది సమష్టివాదం. సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో విదేశీ క్లయింట్లతో పనిచేసేవాళ్లకి ఇచ్చే ఒకపూట శిక్షణలోనూ స్లైడు మీద ఇదే పట్టిక. పరీక్షలో పాసవడానికి అది చాలు. కానీ సిద్ధాంతం ఎవరిని చూసి పుట్టింది, ఎవరి అవసరం కోసం పుట్టింది అన్నది తెలియకపోతే, దాన్ని ఎక్కడ వాడొచ్చో ఎక్కడ పక్కన పెట్టాలో ఎప్పటికీ తేలదు.

కమ్యూనికేషన్, జర్నలిజం, ఇంగ్లిష్, హెచ్‌ఆర్ కోర్సులు చదివేవాళ్ల కోసం, పరిశోధన మొదలుపెట్టబోయేవాళ్ల కోసం ఈ మార్గదర్శి. విదేశాల్లో ఉంటూ 'ఇక్కడివాళ్లు ఇలా ఎందుకు మాట్లాడతారు' అని తల పట్టుకునేవాళ్లకీ పనికొస్తుంది. రోజుకో గంట కేటాయిస్తే మూడు నెలల్లో పూర్తవుతుంది. నేను చెప్పే వరుస చాలా సిలబస్‌లలో ఉండే వరుస కాదు. అందుకు కారణం ఆయా చోట్ల చెబుతాను.

మొదటి మెట్టు: పుస్తకం తెరవక ముందు ఒక సంఘటన రాసుకోండి

మీకు బాగా తెలిసిన, అపార్థంతో ముగిసిన ఒక సంభాషణను పేజీ నిడివిలో రాయండి. ఎవరు, ఎవరితో, ఫోన్లోనా ఎదురుగానా, పక్కన ఎవరున్నారు, ఏ మాటలు అన్నారు, ఎక్కడ ఆగారు, ఆ తర్వాత ఏం జరిగింది. ఇంతే. కారణాలు రాయొద్దు. 'మనవాడు మొహమాటపడ్డాడు', 'ఆవిడకి అహంకారం' లాంటి మాటలు కూడా కారణాలే కాబట్టి అవీ వద్దు.

ఉదాహరణకి ఇలాంటిది: హైదరాబాద్ టీమ్, డాలస్‌లో క్లయింట్. రాత్రి వీడియో కాల్. క్లయింట్ మేనేజర్ 'వచ్చే శుక్రవారానికి ఈ మాడ్యూల్ అయిపోతుందా?' అని అడిగింది. ఇక్కడి టీమ్ లీడ్ కొంచెం ఆగి 'వీ విల్ ట్రై' అన్నాడు. అతని పై మేనేజర్ కూడా కాల్‌లో ఉన్నాడు, ఏమీ మాట్లాడలేదు. శుక్రవారం వచ్చింది, పని కాలేదు. 'ఒప్పుకున్నారు కదా' అని ఆమె. 'కష్టమని అప్పుడే చెప్పానుగా' అని ఇతను.

ఈ కాగితాన్ని చివరిదాకా దగ్గర పెట్టుకోండి. చదివే ప్రతి సిద్ధాంతాన్నీ దీని మీదే పరీక్షిస్తారు. పుస్తకంలోని ఉదాహరణ ఎప్పుడూ ఆ పుస్తకంలోని సిద్ధాంతానికి అనుకూలంగానే ఉంటుంది. మీ కాగితం మీదున్న సంఘటనకి ఆ మొహమాటం లేదు.

రెండో మెట్టు: ప్రతి సిద్ధాంతానికీ అవే నాలుగు ప్రశ్నలు

నోటుబుక్కులో ఒక్కో సిద్ధాంతానికి ఒక్కో పేజీ కేటాయించి పైన ఈ ప్రశ్నలు రాయండి. చూసింది ఎవరు? ఎవరిని చూశారు? ఆ పనికి జీతం ఎవరిచ్చారు, లేదా అవసరం ఎవరిది? దేన్ని కొలిచారు, దేన్ని ఊహించారు? నిర్వచనం ఈ నాలుగింటి తర్వాతే. మామూలుగా మనం నిర్వచనంతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాం. అందుకే ఈ వరుస.

మూడో మెట్టు: ఎడ్వర్డ్ హాల్

ఈ శాస్త్రం విశ్వవిద్యాలయంలో పుట్టలేదు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికా తన దౌత్యాధికారులకి భాషలు, ఆయా దేశాల పద్ధతులు నేర్పడానికి ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది. 1950ల మొదట్లో అక్కడ పాఠాలు చెప్పిన మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టి. హాల్. అంతకుముందు 1930లలో అరిజోనా ప్రాంతంలో నవాహో, హోపీ తెగలవాళ్లతో కలిసి నిర్మాణ పనులు చేయించిన మనిషి. యుద్ధంలో నల్లజాతి సైనికుల దళానికి అధికారిగా ఉన్నాడు. సంస్కృతి అన్నది ఆయనకి పుస్తకాల కంటే ముందు పనిలో ఎదురైంది.

దౌత్యాధికారులకి బంధుత్వ వ్యవస్థల గురించీ ఆచారాల గురించీ పాఠం చెబితే విసుక్కునేవాళ్లు. 'రేపు అక్కడికి వెళ్లి ఎలా మాట్లాడాలో చెప్పండి' అన్నది వాళ్ల గొడవ. దాంతో హాల్, భాషాశాస్త్రవేత్త జార్జ్ ట్రేగర్, సైగల మీద పనిచేసిన రే బర్డ్‌విజిల్ తమ చూపును చిన్న చిన్న విషయాల మీదికి మార్చారు: ఎంత దూరంలో నిలబడతారు, ఎంతసేపు ఎదురుచూపిస్తారు, గొంతు ఎక్కడ పెంచుతారు. ఈ రంగం ఇప్పటికీ ఇద్దరు మనుషులు ఎదురెదురుగా ఉన్న దృశ్యాన్నే ఎక్కువగా పట్టుకోవడానికి కారణం ఆ తరగతి గది.

ముందు 1959లో వచ్చిన 'ది సైలెంట్ లాంగ్వేజ్' చదవండి. మొత్తం కుదరకపోతే కాలం గురించి, స్థలం గురించి ఉన్న అధ్యాయాలు చాలు. లాటిన్ అమెరికాలో మంత్రిగారి గది బయట ముప్పావుగంట కూర్చుని అవమానంతో రగిలిపోయిన అమెరికా అధికారి ఉదంతం అందులోనిదే. మన జిల్లా ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లకి ఆ అధికారి బాధ కంటే ఆ మంత్రి పద్ధతే ముందు అర్థమవుతుంది. చదువుతున్నప్పుడు ఇలా మీ సానుభూతి ఎటు మొగ్గిందో మార్జిన్‌లో రాసుకోండి.

తర్వాతది 1966 నాటి 'ది హిడెన్ డైమెన్షన్'. మనుషుల మధ్య దూరాన్ని నాలుగు వలయాలుగా విడగొట్టింది ఇందులోనే: 18 అంగుళాల లోపు ఆత్మీయ దూరం, అక్కడి నుంచి 4 అడుగుల దాకా వ్యక్తిగతం, 4 నుంచి 12 అడుగులు సామాజికం, ఆపైన బహిరంగం. ఈ అంకెల్ని ప్రపంచమంతటికీ వర్తించేవిగా రాసేస్తుంటారు. హాల్ మాత్రం తాను చూసింది ఎక్కువగా అమెరికా ఈశాన్య తీరానికి చెందిన మధ్యతరగతి ఆరోగ్యవంతుల్ని అని అక్కడే చెప్పుకున్నాడు. సాయంత్రం ఆరింటికి అమీర్‌పేట మెట్రోలో 18 అంగుళాల లెక్క ఎవరూ అడగరు. అడగకపోయినా అందరూ చూపులు పక్కకి తిప్పుకుంటారు, సంచిని ముందుకు తెచ్చుకుంటారు. దూరం తగ్గినప్పుడు దాన్ని వేరే రకంగా పూడ్చుకోవడం గురించి కూడా హాల్ రాశాడు. అంకెల కంటే విలువైన భాగం అది.

హై కాంటెక్స్ట్, లో కాంటెక్స్ట్ అన్న జంట 1976లో 'బియాండ్ కల్చర్'తో ప్రచారంలోకి వచ్చింది. అర్థంలో ఎంత భాగం మాటల్లో ఉంది, ఎంత భాగం ఇద్దరికీ ముందే తెలిసిన సందర్భంలో ఉంది అన్నదే విషయం. సందర్భంలో ఎక్కువ ఉంటే హై, మాటల్లో ఎక్కువ ఉంటే లో. దేశాలకి అతికించాల్సిన ముద్ర కాదిది, సంభాషణకి సంబంధించిన లక్షణం. ఇరవై ఏళ్లుగా కాపురం చేస్తున్న డెన్మార్క్ దంపతులు సగం మాటలతో పని కానిస్తారు. తెలుగువాళ్లు రిజిస్ట్రేషన్ ఆఫీసులో దస్తావేజు రాయించేటప్పుడు సరిహద్దులు నాలుగు దిక్కులా అక్షరం పొల్లుపోకుండా రాయిస్తారు. దేశాలను వరుసగా మెట్లమీద నిలబెట్టిన బొమ్మలు పాఠ్యపుస్తకాల్లో ఉంటాయి కదా, ఆ వరుసను ఏ కొలతతో నిర్ణయించాలో హాల్ చెప్పలేదు. ఆయన ఇచ్చింది నిశితమైన పరిశీలన. దాన్ని కొలతగా వాడుకున్నది తర్వాతివాళ్లు.

నాలుగో మెట్టు: హోఫ్‌స్టెడ్ కంటే ముందు గంపర్జ్

సిలబస్‌లలో భాషాశాస్త్రవేత్త జాన్ గంపర్జ్ పేరు చివర్లో వస్తుంది, లేదా అసలు రాదు. ఆయన్ని రెండోవాడిగా చదవమని నా సలహా. హోఫ్‌స్టెడ్ ఇచ్చే దేశాల స్కోర్లు ఒకసారి తలకెక్కితే ఆ తర్వాత ఎదుటి మనిషి మాట వినబడదు. గంపర్జ్ నేర్పేది వినడమే.

ఆయన్ని పరిచయం చేసే ఉదంతం లండన్ విమానాశ్రయం సిబ్బంది క్యాంటీన్‌ది. అక్కడ కొత్తగా పనిలో చేరిన భారత, పాకిస్తాన్ మహిళలు పొగరుగా ఉంటారని, సహకరించరని సూపర్‌వైజర్లు, సరుకు మోసే సిబ్బంది ఫిర్యాదు చేశారు. నిజానికి వాళ్ల మధ్య జరిగే మాటలు చాలా తక్కువ. మాంసం వడ్డించాక 'గ్రేవీ' కావాలా అని అడగడం వాటిలో ఒకటి. బ్రిటిష్ ఉద్యోగిని అయితే 'గ్రేవీ?' అని చివర్లో గొంతు పైకి లేపుతుంది. మనవాళ్లు గొంతు కిందికి దించి 'గ్రేవీ' అనేవాళ్లు. దించి అంటే బ్రిటిష్ చెవికి అది ప్రశ్న కాదు. 'ఇది గ్రేవీ, తీసుకుంటే తీసుకో' అన్నట్టు వినిపిస్తుంది. రికార్డు చేసి అందరికీ వినిపించినప్పుడు ఆ మహిళలకి మొదట తేడాయే తెలియలేదు. వాళ్ల పద్ధతిలో అది మామూలుగా అడగడమే. చర్చ సాగాక, తమ పట్ల ఎదుటివాళ్ల విసుగుకి కారణం వాళ్లకి అర్థమైంది. సూపర్‌వైజర్లకీ అది పొగరు కాదని తెలిసింది.

ఇలాంటి గుర్తుల్ని ఆయన సందర్భ సూచనలు అన్నాడు. గొంతు ఎత్తు, లయ, ఆగే చోటు, ఏ భాషలోంచి ఏ భాషలోకి ఎప్పుడు మారారు అన్నవన్నీ ఈ కోవలోవే. వ్యాకరణం తప్పితే 'పాపం, భాష రాదు' అనుకుంటారు. స్వరం తప్పితే 'మనిషే మంచివాడు కాదు' అనుకుంటారు. ఉద్యోగ ఇంటర్వ్యూల్లో, పోలీసు స్టేషన్లలో, ఆసుపత్రి కౌంటర్ల దగ్గర ఈ రెండో తీర్పు చేసే నష్టం ఎక్కువ. 1982లో వచ్చిన 'డిస్కోర్స్ స్ట్రాటజీస్' ఆయన ముఖ్య గ్రంథం. కాస్త బరువైన పుస్తకం, అయినా ఉదాహరణల కోసం ఓపిక పట్టొచ్చు.

ఆయనకి మన వైపు అనుభవం కూడా ఉంది. ఉత్తరప్రదేశ్‌లో గ్రామ పరిశోధన చేశాడు. మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా కుప్వార్ గ్రామం మీద రాబర్ట్ విల్సన్‌తో కలిసి 1971లో ప్రచురించిన వ్యాసం భాషాశాస్త్రంలో ఇప్పటికీ ఉదహరిస్తారు. ఆ ఊళ్లో కన్నడం, ఉర్దూ, మరాఠీ శతాబ్దాలుగా పక్కపక్కనే ఉండి, పదాలు వేరుగానే ఉంచుకుంటూ వాక్యాల పోతను దాదాపు ఒక్కటి చేసుకున్నాయి. అక్కడ తాళ్లు పేనే తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. సంస్కృతులు కలిసినచోట అపార్థమే ఉండాలని లేదు, ఇలాంటి సర్దుబాటూ ఉంటుందనడానికి కుప్వార్ మంచి ఆధారం.

ఈ మెట్టు దగ్గర అభ్యాసం తప్పనిసరి. ఇద్దరి అనుమతి తీసుకుని ఒక సంభాషణ రికార్డు చేయండి. అందులో రెండు నిమిషాలు ఎంచుకుని ప్రతి మాటా, ప్రతి విరామం, గొంతు లేచిన చోటు, దిగిన చోటు గుర్తులతో రాయండి. రెండు నిమిషాలకి మూడు నాలుగు గంటలు పడుతుంది. విసుగు పుట్టించే పనే. ఆ తర్వాత అదే రికార్డును మాట్లాడిన ఇద్దరికీ విడివిడిగా వినిపించి 'ఇక్కడ అవతలివాళ్లు ఏం అడిగారనుకున్నావు?' అని అడగండి. గంపర్జ్ చేసింది సరిగ్గా ఇదే.

ఐదో మెట్టు: హోఫ్‌స్టెడ్ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయి?

హోఫ్‌స్టెడ్‌కి ముందొక చిన్న మజిలీ. 1961లో క్లక్‌హాన్, స్ట్రాడ్‌బెక్ అమెరికా నైరుతి ప్రాంతంలో పక్కపక్కనే బతుకుతున్న ఐదు సమాజాలను (నవాహో, జూనీ, స్పానిష్ మూలాలవాళ్లు, మోర్మన్లు, టెక్సాస్ నుంచి వచ్చిన రైతులు) ఒకే ప్రశ్నలడిగి పోల్చారు. మనిషి స్వభావం, ప్రకృతి, కాలం, పని, సంబంధాలు అన్నవి ఆ ప్రశ్నల విషయాలు. సంస్కృతిని కొలతలుగా విడగొట్టాలన్న ఆలోచనకి ఇది బలమైన మొదలు. ఒక సాయంత్రం చాలు దీనికి.

గీర్ట్ హోఫ్‌స్టెడ్ నెదర్లాండ్స్ దేశస్థుడు. ఐబీఎం సంస్థలో ఉద్యోగుల అభిప్రాయ సర్వేలు చూసే విభాగంలో పనిచేశాడు. 1967 నుంచి 1973 మధ్య జరిగిన రెండు విడతల సర్వేల్లో 1,16,000 దాకా ప్రశ్నపత్రాలు పోగయ్యాయి. వాటి ఆధారంగా 1980లో 'కల్చర్స్ కాన్సీక్వెన్సెస్' తెచ్చాడు. మొదటి విశ్లేషణలో 40 దేశాలు, నాలుగు కొలతలు: పవర్ డిస్టెన్స్ (అధికార దూరం, అంటే అధికారంలో హెచ్చుతగ్గుల్ని కిందివాళ్లు ఎంత మామూలుగా తీసుకుంటారన్నది), అనిశ్చితిని తప్పించుకునే తత్వం, వ్యక్తివాదం, పురుషత్వం (పోటీకీ గెలుపుకీ ఇచ్చే విలువ). ఐదోది దీర్ఘకాల దృష్టి. మైకేల్ బాండ్ చైనా విలువల ఆధారంగా చేసిన సర్వే నుంచి వచ్చింది. ఆరోది, అంటే కోరికలను ఎంతవరకు తీర్చుకోనిస్తారన్నది, మింకోవ్‌తో కలిసి 2010లో చేర్చాడు.

ఇక అంకెలు. పవర్ డిస్టెన్స్‌లో ఇండియా 77, అమెరికా 40. వ్యక్తివాదంలో ఇండియా 48, అమెరికా 91. పాత పట్టికల్లో ఇవే కనిపిస్తాయి. వీటిని బట్టీ పట్టే ముందు అవి ఏ ప్రశ్నల నుంచి తయారయ్యాయో చూడండి. పవర్ డిస్టెన్స్‌కి మూల ప్రశ్నలు మూడే. మీ చోట ఉద్యోగులు పైవాళ్లతో విభేదించడానికి ఎంత తరచుగా భయపడతారు? మీ బాస్ నిర్ణయాలు తీసుకునే తీరు ఎలాంటిది? ఎలాంటి బాస్ అయితే మీకు ఇష్టం? అనిశ్చితి కొలతకీ మూడే: పనిలో ఎంత తరచుగా టెన్షన్ పడతారు, సంస్థ మేలు కోసమైనా నియమాన్ని మీరకూడదా, ఇంకెన్నాళ్లు ఈ సంస్థలో ఉంటారు. ఈ మూడింటి నుంచి తేలినదే ఇండియాకి 40, అమెరికాకి 46. అంటే అనిశ్చితిని భరించడంలో మనం అమెరికా కంటే కాస్త తేలిక మనుషులం. ముహూర్తం చూడకుండా గడప దాటని ఇళ్లూ, ఒకే దరఖాస్తుకి మూడు నకళ్లడిగే ఆఫీసులూ ఎరిగినవాళ్లు ఇక్కడ కాసేపు ఆగుతారు. ఆగాలి కూడా.

మరో సంగతి. ఇండియా స్కోరుకి ఆధారమైనవాళ్లు 1970 అటూ ఇటూ ఓ విదేశీ కంప్యూటర్ కంపెనీలో పనిచేసిన భారతీయులు. 1978లో ఆ కంపెనీ మన దేశం నుంచి వెళ్లిపోయింది కూడా (తర్వాత మళ్లీ వచ్చిందనుకోండి). హోఫ్‌స్టెడ్ వాదన ఏమిటంటే, అన్ని దేశాల్లోనూ ఒకే కంపెనీ, ఒకే రకం ఉద్యోగాలు కాబట్టి మిగిలే తేడా జాతీయ సంస్కృతిదే అని. తెలివైన వాదనే. బ్రెండన్ మెక్‌స్వీనీ అనే పరిశోధకుడు 2002లో దీన్నే పట్టుకున్నాడు: కంపెనీ సంస్కృతి, వృత్తి సంస్కృతి అంతటా ఒకేలా ఉన్నాయని ముందే ఒప్పుకుంటే తప్ప ఈ లెక్క నిలవదు, పైగా కొన్ని దేశాల్లో సమాధానమిచ్చినవాళ్లు మరీ తక్కువ. పాకిస్తాన్‌లో మొదటి విడతకి 37 మంది, రెండో విడతకి 70 మంది. హోఫ్‌స్టెడ్ అదే ఏడాది జవాబిచ్చాడు. ఈ ఇద్దరి వ్యాసాలూ పక్కపక్కన పెట్టుకుని చదవడం ఈ సబ్జెక్టులో దొరికే గొప్ప వినోదం. నాకు మెక్‌స్వీనీ వాదనే బలంగా అనిపిస్తుంది. కానీ ఇన్ని దేశాలను ఒకే ప్రశ్నలతో పోల్చే ధైర్యం అంతకుముందు ఎవరు చేశారని అడిగితే జవాబు చెప్పడం కష్టం.

గుర్తుంచుకోవాల్సిన హెచ్చరిక హోఫ్‌స్టెడే చేశాడు: ఇవి దేశాలను పోల్చే సగటులు, వ్యక్తులకి అంటగట్టకూడదు. 'ఇండియా స్కోరు 77 కాబట్టి మా టీమ్ లీడ్ నోరు మెదపలేదు' అని రాస్తే ఆ వాక్యం ఆయన సిద్ధాంతం ప్రకారమే తప్పు. 'డైమెన్షనలైజింగ్ కల్చర్స్' అనే ఆయన 2011 వ్యాసం ఉచితంగా దొరుకుతుంది. గైడ్ పుస్తకాల బదులు దాంతో మొదలుపెట్టండి. ఆరు కొలతల దేశాలవారీ డేటా కూడా ఆయన వెబ్‌సైట్లో ఉచితమే.

ఆరో మెట్టు: ఇద్దరి మధ్య ఏం జరుగుతుంది?

ఇక్కడ ముగ్గురు చాలు.

విలియం గుడికున్‌స్ట్ అపరిచితుడితో మాట్లాడేటప్పుడు కలిగే ఆందోళన, అనిశ్చితి చుట్టూ సిద్ధాంతం కట్టాడు. బెర్గర్, కలబ్రీసీ 1975లో ప్రతిపాదించిన అనిశ్చితి తగ్గింపు సిద్ధాంతం దీనికి పునాది. ఆందోళన మరీ ఎక్కువైతే ఎదుటివాణ్ని మనిషిగా కాకుండా మూస బొమ్మగా చూస్తాం. మరీ తక్కువైతే పట్టించుకోం. ఈ రెండు హద్దుల మధ్య ఉన్నప్పుడే మాట సవ్యంగా సాగుతుంది. సూత్రాల జాబితా చాలా పెద్దది, అన్నీ నేర్చుకోనక్కర్లేదు. ఈ రెండు హద్దుల ఆలోచన పట్టుకుంటే సరిపోతుంది.

స్టెల్లా టింగ్ టూమీది పరువు గురించిన సిద్ధాంతం. తగాదా వచ్చినప్పుడు ఎవరి పరువు కాపాడుతున్నాం: నాదా, అవతలివాళ్లదా, ఇద్దరిదా? దీని వెనక సమాజశాస్త్రవేత్త గాఫ్‌మన్ 1955 నాటి వ్యాసం, బ్రౌన్, లెవిన్సన్‌ల మర్యాద సిద్ధాంతం ఉన్నాయి. ఈ రెండోదాన్ని తెలుగు విద్యార్థులు తప్పకుండా చూడాలి. అందులో పోల్చిన మూడు భాషల్లో ఒకటి తమిళం, అదీ కోయంబత్తూరు జిల్లాలోని ఒక పల్లెలో కులాల మధ్య మాటతీరు గమనించి సేకరించింది. ఎవరిని మీరంటారు, ఎవరిని నువ్వంటారు, ఎవరికి సూటిగా చెప్పి ఎవరికి తిప్పి చెబుతారు అన్న చర్చంతా మనకి పరాయిదిగా అనిపించదు. పరువును దేశానికొక రకంగా పంచే ముందు, ఒకే ఊళ్లో వీధికొక రకంగా ఎలా ఉందో ఆ పుస్తకం చూపిస్తుంది.

మూడో మనిషి హవర్డ్ గైల్స్, వేల్స్ దేశస్థుడు. మాట్లాడుతూ మాట్లాడుతూ మనం ఎదుటివాళ్ల యాసకి దగ్గరవుతాం, లేదా కావాలనే దూరం జరుగుతాం అన్నది 1970ల నుంచి ఆయన పెంచిన సిద్ధాంతం. బూరిస్‌తో కలిసి 1977లో ప్రచురించిన ప్రయోగం మర్చిపోలేనిది. వెల్ష్ నేర్చుకుంటున్న పెద్దవాళ్లకి హెడ్‌ఫోన్లలో దర్జా ఇంగ్లిష్ ఉచ్చారణతో ఒకాయన ప్రశ్నలు వేస్తూ, భవిష్యత్తు లేని ఈ చచ్చిపోతున్న భాష ఎందుకు నేర్చుకుంటున్నారని రెచ్చగొట్టాడు. అంతే, జవాబుల్లో వెల్ష్ యాస చిక్కబడింది, కొందరు వెల్ష్ మాటలే దించారు. ఒకావిడ కాసేపు ఊరుకుని మైకులోకి మెల్లగా ఒక బూతు క్రియను రూపాలతో సహా వల్లించింది.

వరంగల్ నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చి హైదరాబాద్‌లో చదువుకునేవాళ్లకి ఈ సిద్ధాంతం విడమర్చి చెప్పాల్సిన పనిలేదు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒక యాస, హాస్టల్లో ఒకటి, ఇంటర్వ్యూలో ఇంకొకటి. తెలంగాణ ఉద్యమ కాలంలో వేదికల మీదా పాటల్లోనూ యాస మరింత చిక్కగా పలికింది. గైల్స్ చెప్పిన 'దూరం జరగడం' అంటే అదే. మీ మిత్రుల్లో ఒకరి ఫోన్ సంభాషణలు రెండు (అనుమతితోనే) పోల్చి చూడండి.

ఏడో మెట్టు: ఊరు మారినవాళ్ల సిద్ధాంతాలు

కల్చర్ షాక్ అన్న మాటను జనంలోకి తెచ్చింది మానవశాస్త్రవేత్త కలెర్వో ఓబర్గ్. 1954లో రియో డి జనీరోలో ప్రవాసుల ముందు చేసిన ప్రసంగం అది, 1960లో వ్యాసంగా వచ్చింది. మొదట మురిపెం, తర్వాత చిరాకు, ఆపైన కోలుకోవడం, చివరికి సర్దుకోవడం. ఆ వ్యాసం కంటే ముందే, 1955లో లిస్‌గార్డ్ అమెరికా వెళ్లొచ్చిన 200 మంది నార్వే ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ గ్రహీతలను విచారించి, ఆరు నెలల లోపు ఉన్నవాళ్లు, ఏడాదిన్నర దాటినవాళ్లు బాగున్నారని, మధ్యలోవాళ్లు ఇబ్బంది పడ్డారని చెప్పాడు. ప్రసిద్ధమైన యు ఆకారపు గీత ఇక్కడిదే. ఇందులో మెలిక ఒకటుంది: ఒకే మనిషిని మొదటి నుంచి చివరిదాకా వెంబడించి గీసిన గీత కాదది. వేర్వేరు కాలాలు ఉండివచ్చిన వేర్వేరు మనుషుల పోలిక. కొలీన్ వార్డ్ బృందం న్యూజిలాండ్‌లో దిగిన జపాన్ విద్యార్థులను ఏడాదిపాటు గమనించి 1998లో రాసినదాంట్లో, ఎక్కువ కష్టం దిగిన కొత్తలోనే కనిపించింది. మురిపెం దశే లేదు. డాలస్‌లోనో చికాగోలోనో దిగి, గది దొరక్క, బ్యాంకు ఖాతా తెరవక, ఎడ్యుకేషన్ లోను వాయిదా లెక్కలు వేసుకునే మన పిల్లల్ని చూసినా వార్డ్ మాటే నిజమనిపిస్తుంది.

జాన్ బెరీ నాలుగు దారులు (కలుపుకోవడం, కలిసిపోవడం, విడిగా ఉండటం, ఎటూ కాకుండా పోవడం), యంగ్ యున్ కిమ్ చెప్పే ఒత్తిడి, సర్దుబాటు, ఎదుగుదల చక్రం, సాంస్కృతిక తేడాలను చూసే తీరు ఎలా మారుతుందో చెబుతూ మిల్టన్ బెనెట్ 1986లో ఇచ్చిన ఆరు దశలు, వీటికి తలా ఒక పేజీ చాలు. బెనెట్ దశల్లో మూడోది, 'మనుషులంతా ఒక్కటే' అని తేడాలను చిన్నవి చేయడం, మంచితనంలా కనిపిస్తుంది కాబట్టి దానికి మాత్రం ఇంకో పేరా రాసుకోండి.

ఎనిమిదో మెట్టు: సిద్ధాంతాలను పోటీకి దింపండి

ఇప్పుడు మొదటి రోజు కాగితం బయటికి తీయండి. 'వీ విల్ ట్రై' ఉదంతాన్ని హాల్ వివరిస్తాడు: అర్థం విరామంలో ఉంది, ఆమె మాటలో వెతికింది. హోఫ్‌స్టెడ్ వైపువాళ్లు వివరిస్తారు: పై మేనేజర్ ఉండగా కిందివాడు కాదనలేడు. టింగ్ టూమీ: అందరి ముందు క్లయింట్ పరువూ తన పరువూ పోకుండా చూసుకున్నాడు. గుడికున్‌స్ట్: కొత్త క్లయింట్, ఆందోళన ఎక్కువ. గంపర్జ్: 'ట్రై' మీద గొంతు ఎటు పోయిందో వినిపించండి ముందు.

ఐదూ నప్పాయి. చాలా అసైన్‌మెంట్లు ఇక్కడ సంతోషంగా ముగుస్తాయి. అసలు పని ఇక్కడే మొదలవుతుంది. అన్నీ నప్పుతున్నాయంటే ఏదీ ఇంకా పరీక్షకి నిలబడలేదన్నమాట. ఏ అదనపు సమాచారం దొరికితే ఏ సిద్ధాంతం ఓడిపోతుందో రాయండి. పై మేనేజర్ లేని కాల్‌లో అదే టీమ్ లీడ్ 'కుదరదు' అని సూటిగా చెబితే, హై కాంటెక్స్ట్ వాదన బలహీనపడి అధికార దూరం నిలుస్తుంది. మేనేజర్ ఉన్నా లేకున్నా కాల్‌లో తిప్పి చెప్పి, ఆమె ఒక్కదానికే పంపిన ఈమెయిల్లో మాత్రం సూటిగా రాస్తే, పదిమంది ముందు పరువు సంగతి ముందుకొస్తుంది. ఏడాదిగా తెలిసిన క్లయింట్‌తో మాట తీరు మారితే గుడికున్‌స్ట్‌కి ఒక మార్కు. డాలస్ టీమ్‌లోనే ఉన్న అమెరికన్ జూనియర్ కూడా తన డైరెక్టర్ ముందు 'ఐ విల్ ట్రై' అంటుంటే, దేశాల సంస్కృతి అన్న మాటే పక్కన పెట్టి ఆ కాంట్రాక్టులో ఆలస్యానికి జరిమానా ఎంతో చూడాలి. డబ్బు, ఉద్యోగ భయం, వీసా లాంటివి ఈ సిద్ధాంతాల్లో చాలావాటికి కనబడవు. దౌత్యాధికారుల తరగతి గదిలో, కంపెనీ సర్వేలో వాటికి చోటు లేకపోయింది మరి.

తొమ్మిదో మెట్టు: ఇక్కడివాళ్లు ఏమన్నారు?

రెండు వ్యాసాలతో మొదలుపెట్టండి. మొదటిది కవి, పండితుడు ఎ.కె. రామానుజన్ 1989లో రాసిన 'ఈజ్ దేర్ ఆన్ ఇండియన్ వే ఆఫ్ థింకింగ్?' గణిత, ఖగోళ శాస్త్రాలు తెలిసిన తండ్రి జాతకాలూ చూడటం ఆయన్ని చిన్నప్పుడు కలవరపెట్టింది. అక్కడి నుంచి మొదలై, మన నియమాలు ఎందుకు సందర్భాన్ని బట్టి మారతాయి, రాగానికి ఎందుకు వేళ ఉంటుంది అన్నదాకా వెళతాడు. హాల్ 'కాంటెక్స్ట్'కీ దీనికీ పేరు ఒకటే, లోతు వేరు. పైగా సందర్భానికి కట్టుబడ్డ సమాజం సందర్భం నుంచి విముక్తిని కలగంటుందని కూడా అంటాడు. భక్తి, మోక్షం ఆ వైపువే.

రెండోది మనస్తత్వశాస్త్రవేత్తలు దుర్గానంద్ సిన్హా, ఆర్.సి. త్రిపాఠీ 1994లో ప్రచురించినది. వాళ్లు రకరకాల సందర్భాలిచ్చి వ్యక్తివాద సమాధానం, సమష్టివాద సమాధానం, రెండూ కలిసినది అని మూడు దారులు ముందుంచితే, ఎక్కువగా ఎంచుకున్నది మూడోదే. వ్యక్తివాదంలో ఇండియాకి వచ్చిన 48 అన్న ఒక్క అంకె పక్కన ఈ ఫలితాన్ని పెట్టి చూడండి. అమెరికా సంబంధం చూసేటప్పుడు అబ్బాయి జీతం విడిగా, కుటుంబం విడిగా, అమ్మాయి ఇష్టం విడిగా తూచే మన ఇళ్లు ఏ గడిలో పడతాయో చెప్పడం కష్టం.

పరీక్షకి, పరిశోధనకి

పది మార్కుల జవాబులో నిర్వచనానికి రెండు మూడు వాక్యాలు చాలు. ఆధారం ఎవరి నుంచి సేకరించారో ఒక పేరా, ఒక విమర్శ పేరుతో సహా, మీ సొంత ఉదాహరణ ఒకటి రాయండి. 'హోఫ్‌స్టెడ్ ప్రకారం భారతీయులు...' అని వాక్యం మొదలుపెట్టకండి. 'ఐబీఎం సర్వేలో ఇండియా సగటు...' అని మొదలుపెట్టండి.

డిసర్టేషన్‌కి విషయం వెతికేవాళ్లు దేశాల పోలిక జోలికి పోకపోవడమే మంచిది, అంత డేటా ఒక్కరివల్ల కాదు. చిన్న చోటు ఎంచుకోండి. ఆదిలాబాద్ సంతల్లో గోండి, మరాఠీ, తెలుగు మాట్లాడేవాళ్ల బేరాలు, కువైట్ నుంచి కడపకి వచ్చే వీడియో కాల్స్, హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రుల్లో విదేశీ రోగులకి దుబాసీగా ఉండేవాళ్ల మాటలు, ఇవన్నీ ఒక మనిషి రికార్డర్‌తో ఆరు నెలల్లో చేయగల పనులు. ఆసుపత్రి అయితే ఎథిక్స్ కమిటీ అనుమతికే చాలా సమయం పోతుంది కాబట్టి ఆ దరఖాస్తు మొదటి నెలలోనే పెట్టండి.